నా సమక్షంలో: నోటరీ ముద్ర విలువ, దాని హద్దు



స్మారకోపన్యాసం అంటే పోయినవారి గుణగణాలు వల్లించడం మన రివాజు. ఎవరి స్మృతిలో మనం ఇవాళ ఇక్కడ కలిశామో ఆ మా సీనియర్ గారికి అది గిట్టేది కాదు. ఆయన ఎదుట ఎవరైనా రెండు మంచి మాటలు మొదలుపెడితే "కేసు సంగతి చూడవయ్యా" అని ఫైలు ముందుకు తోసేవారు. అందుకని ఆయన గురించి కాకుండా, ఆయన చివరి రోజుల్లో ఇష్టపడి చేసిన పని గురించి మాట్లాడతాను.

సివిల్ లాయరుగా జిల్లా అంతా పేరున్న మనిషి, ప్రాక్టీసు తగ్గించుకున్నాక నోటరీగా దరఖాస్తు పెట్టుకున్నారు. చాలామంది నొచ్చుకున్నారు. చెట్టు కింద బల్ల వేసుకుని ముద్రలు కొట్టే పని ఈయనకెందుకన్నారు. ఆ మాట అన్నవాళ్లను నేను తప్పుపట్టను. నోటరీ పనిని మనమే ఆ స్థితికి తెచ్చాం. కోర్టు గేటు దాటగానే "అఫిడవిట్టా సార్, నోటరీయా సార్" అంటూ వెంటపడే కుర్రాళ్లు, వాళ్ల వెనక జిరాక్సు మిషను, దాని పక్కన ఎవరి చేతికందితే వాళ్లు కొట్టే ముద్ర, ఇదే నోటరీ అనుకునే తరం ఒకటి పెరిగింది. చట్టం ఊహించిన నోటరీ వేరు. ఆ తేడా ఎంతో, దానివల్ల మన తెలుగు ఇళ్లలో జరుగుతున్న నష్టమెంతో చెప్పాలని నా ఉద్దేశం.

"నోటరీ చేయించాం కదండీ, ఇంక భయమేముంది?" ఈ మాట ఇల్లు కొన్నవాళ్లూ అంటారు, అప్పిచ్చినవాళ్లూ అంటారు, పెళ్లి రద్దయిపోయిందని నమ్మేవాళ్లూ అంటారు. వంద రూపాయల స్టాంపు పేపరు, దాని మీద నోటరీ స్టాంపులు, ఎర్రటి సీలు, చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు చూస్తే సర్కారే పూచీ పడిందన్నంత ధైర్యం వస్తుంది. నిజానికి ఆ సీలు చెప్పేది చాలా కొద్ది. ఫలానా మనిషి, ఫలానా తేదీన, నా సమక్షంలో ఈ కాగితం మీద సంతకం చేశాడు. ఆ మనిషి ఎవరో నేను విచారించుకున్నాను. అంతవరకే. లోపల రాసింది నిజమా, అమ్మేవాడికి అమ్మే హక్కుందా, సర్వే నంబరు సరైనదా అన్నది నోటరీ పూచీ కాదు. కవరు మీద పోస్టాఫీసు ముద్ర ఉత్తరం ఎక్కడ, ఎప్పుడు పడిందో చెబుతుంది తప్ప లోపల రాసిన కబురు నిజమని చెప్పదు కదా.

ఇంతేనా అని తీసిపారేయకండి. "ఆ సంతకం నాది కాదు" అన్న ఒక్క వాదన మీద ఏళ్లకేళ్లు నడిచిన దావాలు ఈ హాల్లో ప్రతి లాయరూ చూశారు. చేతిరాత నిపుణుడి రిపోర్టు, దాన్ని ఖండించడానికి అవతలివాళ్లు తెచ్చే మరో నిపుణుడు, బ్యాంకు నుంచి తెప్పించే పాత సంతకాలు, ఈలోగా చనిపోయే సాక్షులు. ఆ రోజున పక్షపాతం లేని ఒక మనిషి ఎదుట కూర్చుని, చూసి, పుస్తకంలో రాసి ఉంటే ఈ తతంగం చాలావరకు ఉండదు. నోటరీ పనంతా ఆ కూర్చోవడం, చూడడం, రాయడమే.

ఈ ఆలోచన మనకు ఇంగ్లీషువాళ్లు తెచ్చిపెట్టింది కాదు. విష్ణుస్మృతి పత్రాలను మూడు రకాలుగా విడదీసింది. రాజసాక్షికం, ససాక్షికం, అసాక్షికం. మొదటిది రాజు నియమించిన లేఖకుడు రాయగా, అధికారి తన చేతి గుర్తు వేసినది. రెండోది సాక్షులున్నది. మూడోది రాసినవాడి సొంత దస్తూరీ తప్ప మరే ఆధారమూ లేనిది. యాజ్ఞవల్క్యుడు ఇంకా వివరంగా వెళ్లాడు. అప్పు తీసుకున్నవాడు ఫలానావారి కొడుకునైన నాకు పైన రాసినది సమ్మతమని తన చేత్తో రాయాలి. సాక్షులు తండ్రి పేరుతో సహా తమ పేర్లు రాయాలి. చివర లేఖకుడు, ఇద్దరూ కోరగా ఫలానావాడినైన నేను రాశానని ముగించాలి. సొంత చేత్తో రాసిన పత్రం సాక్షులు లేకపోయినా చెల్లుతుంది గాని, బలవంతంతోనో మోసంతోనో రాయించినదైతే చెల్లదు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను పదమూడో శతాబ్దంలోనే కేతన తెలుగు చేశాడు. మన ప్రామిసరీ నోట్ల చివర "ఇందుకు సాక్షులు" అని, "వ్రాసినవారు" అని నేటికీ వేస్తున్నామంటే ఆ పద్ధతి ఎంత పాతదో గుర్తుపట్టవచ్చు.

వేంగీ చాళుక్యుల దానశాసనాల రాగిరేకులకు గుచ్చిన కడియం మీద వరాహం, శ్రీత్రిభువనాంకుశ అన్న బిరుదు ముద్రించి ఉంటాయి. దానం నిజమైనదనడానికి ఆ ముద్రే గుర్తు. రాజరాజనరేంద్రుడి నందంపూడి శాసనాన్ని కూర్చింది నన్నయభట్టు. ఆదికవి దస్తావేజు కూడా రాశాడని నేనంటే సాహిత్యం వాళ్లు కోప్పడతారేమో గాని, మా వృత్తివాళ్లకు మాత్రం అది గర్వంగానే ఉంటుంది. ఆ తర్వాత శతాబ్దాల పాటు ఊళ్లో కరణంగారే రాయసగాడు, సాక్షి, రికార్డు గది. 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యింది. కరణాల మీద ఎన్ని ఆరోపణలున్నా, సంతకం పెట్టే మనిషి ముఖం చూసి కరణం గుర్తుపట్టేవాడన్నది కాదనలేం.

ఇక నేటి నోటరీ. ఇంగ్లండులో నోటరీలను నియమించే అధికారం ఎనిమిదో హెన్రీ కాలం వరకు పోపుది. 1533లో ఆ అధికారం కాంటర్‌బరీ ఆర్చిబిషపుకు వచ్చింది. ఆయన తరఫున మాస్టర్ ఆఫ్ ఫ్యాకల్టీస్ అనే అధికారి నియామకాలు చేసేవాడు. విచిత్రమేమంటే మన దేశంలో పూర్తి స్థాయి నోటరీ కావాలంటే స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నేళ్లు ఆ దారే ఉండేది. 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద ఇక్కడి ప్రభుత్వం నోటరీలను నియమించగలిగినా, వాళ్ల అధికారం ఆ చట్టం పనుల వరకే. ఇక్కడో సరదా సంగతి. చెక్కు బౌన్సు అనగానే ఇవాళ జూనియర్లందరి నోటా వచ్చే 138వ సెక్షన్ మొదట్లో నోటరీల నియామకానికి సంబంధించినది. నోటరీల చట్టం వచ్చాక ఆ అధ్యాయం రద్దయి చోటు ఖాళీ పడింది. 1988లో చెక్కుల నేరాన్ని తెచ్చి ఆ ఖాళీలో కూర్చోబెట్టారు.

పార్లమెంటు నోటరీల చట్టం చేసింది 1952లో. అమల్లోకి వచ్చింది 1956 ఫిబ్రవరి 14న. నియమావళి కూడా 1956దే. కేంద్రమూ నియమించవచ్చు, రాష్ట్రమూ నియమించవచ్చు. లాయరుగా కనీసం పదేళ్లు పనిచేసి ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులవారికి, మహిళలకు ఏడేళ్లు చాలు. ముద్ర గుండ్రంగా, అయిదు సెంటీమీటర్ల వ్యాసంతో ఉండాలని, దాని మీద నోటరీ పేరు, ఏ ప్రాంతానికి నియమితుడో ఆ ప్రాంతం, నియమించిన ప్రభుత్వం పేరు ఉండాలని నియమం. అన్నిటికంటే ముఖ్యమైనది రిజిస్టరు. ప్రతి పనికీ అందులో వరస నంబరు, తేదీ, వచ్చిన మనిషి పేరు, చిరునామా, కాగితం దేని గురించో, ఎంత ఫీజు తీసుకున్నదీ రాసి, ఆ మనిషి చేత సంతకం పెట్టించాలి. ఏటా ప్రభుత్వానికి లెక్క చెప్పాలి.

చట్టం ఎనిమిదో సెక్షన్‌లో నోటరీ పనుల జాబితా చదివితే మన కోర్టు వరండా నోటరీకి ఆశ్చర్యం వేస్తుంది. హుండీని చెల్లింపుకు చూపించడం, చెల్లకపోతే చెల్లలేదని దాని మీద ప్రొటెస్టు రాయడం, ప్రమాణం చేయించడం, ఒక భాషలోంచి మరో భాషలోకి అనువదించి ఆ అనువాదాన్ని ధ్రువీకరించడం, పరదేశంలో చెల్లే పత్రాలు తయారుచేయడం. అందులో ఓడ ప్రొటెస్టు కూడా ఉంది. సముద్రంలో తుపానుకు చిక్కి, సరుకు తడిసి, విశాఖ రేవుకు చేరిన ఓడ కెప్టెను చేసే పనుల్లో ఒకటి నోటరీ దగ్గరికి వెళ్లడం. ఫలానా తేదీన ఫలానా చోట గాలివాన వచ్చింది, మావల్ల లోపం లేదు, జరగబోయే నష్టానికి మాది పూచీ కాదని ఓడ లాగ్‌బుక్కుతో సహా వాంగ్మూలం ఇస్తాడు. నోటరీ రాసుకుని ముద్ర వేస్తాడు. తర్వాత సరుకు యజమాని, ఇన్సూరెన్సు కంపెనీ ఏ దేశపు కోర్టులో పోట్లాడుకున్నా, సంఘటన తాజాగా ఉన్నప్పుడే అపరిచితుడైన మూడో మనిషి ముందు చెప్పిన మాటగా ఆ కాగితానికి బరువుంటుంది. తుపాను వచ్చిందా లేదా అన్నది నోటరీకి తెలియదు. కెప్టెను వచ్చి ఆ మాట చెప్పాడన్నది మాత్రం ఆయనకు ఖాయంగా తెలుసు. నోటరీ పని హద్దు ఇంతకంటే శుభ్రంగా ఇంకెక్కడా కనబడదు.

మన ఇళ్లకు బాగా దగ్గరైన సంగతి పవరాఫ్ అటార్నీ. అమెరికాలో కొడుకు, గుంటూరులో స్థలం, కరీంనగర్‌లో పొలం. పాత సాక్ష్య చట్టం 85వ సెక్షన్ ప్రకారం నోటరీ సమక్షంలో రాసి, ఆయన ధ్రువీకరించిన పవరాఫ్ అటార్నీని కోర్టు సరైనదిగానే భావించాలి. కాదన్నవాడే రుజువు చేసుకోవాలి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ సదుపాయాన్ని నిలిపింది. ఇది చిన్న వరం కాదు. రుజువు భారాన్ని ఒకరి నెత్తి మీంచి తీసి మరొకరి నెత్తిన పెట్టడం దావాల్లో సగం గెలుపు.

ఆ వరానికి ఖరీదు ఏమిటో సుప్రీంకోర్టు 1970లో చెప్పింది. కాలిఫోర్నియా నోటరీ ముందు రాసిన రెండు పవరాఫ్ అటార్నీల మీద తగాదా అది. విదేశీ నోటరీ ధ్రువీకరించినా 85వ సెక్షన్ వర్తిస్తుందని కోర్టు ఒప్పుకుంది. అదే నోట మరో మాట కూడా చెప్పింది. ధ్రువీకరణ అంటే సాక్షి సంతకం లాంటిది కాదు, అంతకంటే ఎక్కువ. సంతకం పెట్టిన మనిషి ఎవరో నోటరీ తనకు తాను నిశ్చయం చేసుకుని, సంతకం జరిగిందని కూడా నిర్ధారించుకుని ఉండాలి. ఆ మాట కాగితం మీద లేని మొదటి పత్రం నిలవలేదు. ఆ లోపం దిద్దుకుని వచ్చిన రెండో పత్రం నిలిచింది. సీలు రెండిటి మీదా ఉందన్నది గమనించాలి.

ఇప్పుడు చాలామందికి అంతుపట్టని మెలిక ఒకటి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, ఇంకొకరి తరఫున దస్తావేజును సబ్‌రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయడానికి ఇచ్చే పవరాఫ్ అటార్నీ, ఇచ్చే మనిషి మన దేశంలో ఉంటే రిజిస్ట్రారు లేదా సబ్‌రిజిస్ట్రారు ముందే రాసి ధ్రువీకరించుకోవాలి. విదేశంలో ఉంటే అక్కడి నోటరీ చాలు, లేదా మన కాన్సులేటు, లేదా అక్కడి కోర్టు. అంటే డల్లాస్‌లో నోటరీ చేసిన కాగితాన్ని సబ్‌రిజిస్ట్రారు తీసుకోవచ్చు గాని, కోఠీలో నోటరీ చేసిన కాగితాన్ని అదే పనికి తీసుకోకూడదు. మన నోటరీని తక్కువ చేయడానికి కాదిది. ఇక్కడ ఉన్నవాడు సబ్‌రిజిస్ట్రారు ముందుకు రాగలడు, అక్కడ ఉన్నవాడు రాలేడు, అంతే తర్కం. మంచం పట్టినవారి కోసం సబ్‌రిజిస్ట్రారే ఇంటికి వచ్చే వెసులుబాటు కూడా చట్టంలో ఉంది. ఏజెంటే దస్తావేజు మీద సంతకమూ చేసి దాఖలూ చేస్తే ఈ సెక్షన్ పట్టింపు ఎంతవరకు అన్న వాదన వేరే ఉంది. అది ఈ సభకు అక్కర్లేదు.

విదేశం నుంచి కాగితం పంపేవాళ్లకు మరో రెండు విషయాలు. 1961 నాటి హేగ్ ఒప్పందం మన దేశానికి 2005 జూలై 14 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అపోస్టిల్ అనే సర్టిఫికెట్ అతికిస్తే కాన్సులేటు చుట్టూ తిరగాల్సిన పని తప్పుతుంది. కాని అపోస్టిల్ ధ్రువీకరించేది నోటరీ సంతకాన్ని, సీలునే. లోపలి సంగతులతో దానికి పని లేదు. సాక్షి మీద సాక్షి, అంతే. రెండోది స్టాంపు డ్యూటీ. విదేశంలో రాసిన పత్రం ఈ దేశానికి చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు వేయించుకోవాలి. ఈ గడువు దాటిపోయి, మళ్లీ మొదటి నుంచి కాగితం తెప్పించుకున్న తండ్రులు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. కొడుకు పోస్టులో పంపాడు, తండ్రి బీరువాలో పెట్టి మంచి ముహూర్తం కోసం ఆగాడు.

నోటరీ ముద్ర మీద మనం మోపిన మోయలేని బరువు గురించి చెప్పాలి. హైదరాబాదులో "నోటరీ ఇల్లు" అన్న మాట ఇప్పుడు మామూలైపోయింది. రిజిస్ట్రేషను కాని స్థలాన్ని స్టాంపు పేపరు మీద అమ్మకం రాసి, నోటరీ చేయించి, డబ్బిచ్చి, ఇల్లు కట్టుకుని, దాన్నే మరొకరికి అదే పద్ధతిలో అమ్ముతారు. వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషను తప్పదని 1908 చట్టం చెబుతూనే ఉంది. మరి జనం ఎందుకు ఈ దారి పట్టారు? తెలివి తక్కువై కాదు. 1976 పట్టణ భూపరిమితి చట్టం కింద మిగులుగా తేలిన భూములు, వక్ఫు భూములు, ప్రభుత్వ భూములు, రిజిస్ట్రేషను నిషేధించిన 22ఏ జాబితాలో చిక్కుకున్న సర్వే నంబర్లు, ఇలా రిజిస్ట్రేషను తలుపు మూసుకున్న చోటల్లా జనం పక్కనున్న కిటికీ వెతికారు. స్టాంపు డ్యూటీ కట్టే స్తోమత లేనివాళ్లూ ఉన్నారు. కొన్నవాళ్లందరూ పేదవాళ్లే అని నేననను, అమ్మినవాళ్లందరూ అమాయకులని అసలే అనను. 2011లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ), అగ్రిమెంటు, వీలునామా కలిపి చేసే అమ్మకాలు హక్కు ఇవ్వవని తేల్చి చెప్పింది. రిజిస్టరు చేసిన జీపీఏ గతే అదైతే, నోటరీ కాగితం సంగతి చెప్పనక్కర్లేదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం పట్టణాల్లో నోటరీ కాగితాల మీదున్న వ్యవసాయేతర ఆస్తులను క్రమబద్ధం చేయడానికి జీవో 84 ఇచ్చి, 125 చదరపు గజాల వరకు స్టాంపు డ్యూటీ మినహాయించింది. ఒక ప్రభుత్వం ప్రత్యేకంగా జీవో ఇవ్వాల్సి వచ్చిందంటే ఎన్ని కుటుంబాలు ఆ కాగితాల మీద నిద్రపోతున్నాయో ఊహించుకోండి. వాళ్ల నుంచి ఫీజు తీసుకుని ముద్ర వేసిన నోటరీలు "ఈ ముద్రతో మీకు హక్కు రాదమ్మా" అని ఒక్క మాట చెప్పి ఉండవలసింది. చెబితే బేరం పోతుందని ఊరుకున్నారు.

వీలునామా కూడా ఇంతే. వీలునామాకు రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, నోటరీ అంతకంటే అక్కర్లేదు. రాసిన మనిషి సంతకాన్ని చూసి ఇద్దరు సాక్షులు సంతకం పెట్టడమే దాని ప్రాణం. నోటరీ ముద్ర ఉంది కదా అని ఒకే సాక్షితో సరిపెట్టిన వీలునామాలు కోర్టులో ఏమవుతాయో మనవాళ్లకు తెలుసు. పెళ్లిళ్లు, విడాకులు మరీ అన్యాయం. నోటరీ పెళ్లి చేసే అధికారి కాడు, విడాకులు ఇచ్చే జడ్జీ కాడు. అటువంటి కాగితాలు చేయడం దుష్ప్రవర్తనే అని కేంద్ర న్యాయశాఖ 2024లో లిఖితపూర్వకంగా హెచ్చరించింది. అయినా "పెద్దల సమక్షంలో, నోటరీ ద్వారా విడిపోయాం" అంటూ రెండో పెళ్లికి సిద్ధపడేవాళ్లు వస్తూనే ఉన్నారు.

మోయలేని బరువు మోపడం ఒక తప్పయితే, మోయవలసిన చిన్న బరువును కూడా దించేయడం రెండో తప్పు. నా దృష్టిలో రెండోదే పెద్దది. మనిషి రాకుండా ముద్ర వేయడం. కాగితాలు కుర్రాడు తెస్తాడు, గుట్టగా ముద్రలు పడతాయి, రిజిస్టరు తీరిక ఉన్నప్పుడు నింపుతారు. "నా సమక్షంలో" అని ప్రతి కాగితం మీదా రాసి ఉంటుంది, అక్కడ మాత్రం ఎవరూ ఉండరు. ఎన్నికల్లో నిలబడే అభ్యర్థి ఆస్తులు, కేసులు చెప్పే ఫారం 26 అఫిడవిట్టు కూడా మేజిస్ట్రేటు ముందో నోటరీ ముందో ప్రమాణం చేసి ఇవ్వాల్సిందే. ఆ ప్రమాణాన్ని నోటరీ నిజంగా చేయిస్తే ఎంత బాగుండునని నాకు ప్రతి ఎన్నికలప్పుడూ అనిపిస్తుంది.

మా సీనియర్ గారి గురించి మాట్లాడనన్నాను గాని ఒక్క ఉదంతం చెప్పక తప్పదు. ఒకాయన జీపీఏ కాగితం తెచ్చి, "మా నాన్నగారు లేవలేరండీ, సంతకం పెట్టించి తెచ్చాను, ముద్ర వేయండి" అన్నాడు. "లేవలేకపోతే నేనే వస్తాను పద" అని సీనియర్ గారు వాళ్లింటికి వెళ్లారు. కొడుకును కాసేపు బయట ఉండమన్నారు. మంచం మీదున్న పెద్దాయన్ను తెలుగులో అడిగారు: "బాబూ, దేని మీద సంతకం పెట్టారు?" పెద్దాయన తడుముకోకుండా చెప్పాడు: "పెన్షను కాగితమన్నాడండీ అబ్బాయి." కాగితం నిండా ఇంగ్లీషు. అది ఇంటిని అమ్ముకునే పూర్తి అధికారం. సీనియర్ గారు కాగితం చదివి వినిపించి, ముద్ర వేయకుండా వచ్చేశారు. ఫీజు పోయింది, కొడుకుతో మాటా పోయింది.

మన కాగితాల్లో "స్థిరబుద్ధితో, ఒకరి బలవంతం లేకుండా, నా ఇష్టపూర్వకంగా" అన్న మాటలు అచ్చేసినట్టు ఉంటాయి. ఆ మాటలు నిజమో కాదో అడిగి తెలుసుకునే మనిషి ఒక్కడే, సంతకం రోజున ఎదుట కూర్చున్న నోటరీ. నిశాని వేసే ముసలమ్మకు ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో చదివి చెప్పకుండా వేయించిన ముద్ర, చట్టప్రకారం ఎలా ఉన్నా, నా లెక్కలో అబద్ధపు సాక్ష్యమే. అనువదించి ధ్రువీకరించడం నోటరీ పనుల్లో ఒకటని ఇందాకే చెప్పాను. మన రెండు రాష్ట్రాల్లో ఆ అధికారాన్ని వాడేవాళ్లు అరుదు.

మరి ఇంత జరుగుతున్నా శిక్షలు ఎందుకు లేవు? నోటరీల చట్టం 13వ సెక్షన్ ఒక కారణం. నోటరీ తన విధుల్లో చేసిన నేరాన్ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నిజాయితీగా పనిచేసే నోటరీని ఓడిపోయిన కక్షిదారుల కక్ష నుంచి కాపాడడానికి పెట్టిన రక్షణ ఇది. ఆ ఉద్దేశం మంచిదే. కాని మోసపోయిన మామూలు మనిషి ఆ అధికారిని వెతుక్కుంటూ ఏ సెక్రటేరియట్ గుమ్మం ఎక్కగలడు? రక్షణ ఉండనివ్వండి, ఫిర్యాదు తీసుకునే అధికారి జిల్లాలో ఉండాలి. నోటరీల రిజిస్టర్లను జిల్లా జడ్జి గారి తరఫున ఏడాదికోసారి తనిఖీ చేయించాలి. ఇవి పెద్ద సంస్కరణలేం కావు.

వీడియోలో నోటరీ గురించి కుర్రవాళ్లు అడుగుతున్నారు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం 2012 నుంచే దానికి ఒప్పుకుంది. కోవిడ్ తర్వాత చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. 1952 నాటి మన చట్టానికి అది తెలియదు. తెచ్చినా నాకు అభ్యంతరం లేదు. రికార్డు భద్రపరిచి, మనిషిని గుర్తించే పద్ధతి గట్టిగా ఉంటే, ఎదుటెవరూ లేకుండా వరండాలో పడే ముద్ర కంటే తెర మీద కనిపించే ముఖమే నయం.

ఈ సభలో ఉన్న యువ లాయర్లకు నా మనవి. నోటరీ సర్టిఫికెటు వచ్చాక ముద్ర జేబులో పెట్టుకోండి, గుమాస్తా చేతికివ్వకండి. మనిషి రాని కాగితాన్ని, ఎవరు పంపినా, ఎంతటివాళ్లు పంపినా వెనక్కి పంపండి. ఇంగ్లీషు రానివారికి కాగితాన్ని తెలుగులో చదివి చెప్పి, చెప్పినట్టు ఆ కాగితం మీదే రాయండి.

వెనక వరసల్లో ఉన్న కక్షిదారులకు, వాళ్ల ఇళ్లవారికి ఇంకో మనవి. ఇల్లయినా పొలమైనా నోటరీతో ఆపకుండా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి, అక్కడ కుదరదంటే ఎందుకు కుదరదో తెలుసుకునేదాకా డబ్బు ఇవ్వకండి. నోటరీ చేయించాల్సిన కాగితమైతే మీరే స్వయంగా వెళ్లండి, రిజిస్టరులో మీ పేరు, తేదీ, కాగితం వివరం రాసింది చదువుకుని అక్కడ సంతకం పెట్టండి, ఆ వరస నంబరు మీ దగ్గర రాసుకోండి. రిజిస్టరు తీయని చోట మీ కాగితం మీద ముద్ర వేయించుకోకండి.